మూస ముద్రలు, జాతి, గౌరవం: ఆన్‌లైన్ వాదనల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జాతి గురించి, ఒంటి రంగు గురించి, "ఆ జనం అంతే" అనే మాటల గురించి ఆన్‌లైన్‌లో వాదన లేచిన ప్రతిసారీ వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. అలాంటి మాట చదివి ఊరుకోలేక, దిగాలా వద్దా అని తటపటాయించేవాళ్లు కొందరు. దిగాక మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లు ఇంకొందరు. తమ మాట మీదే వేలు పడేసరికి ఖంగుతిన్నవాళ్లు మరికొందరు. ప్రశ్నలన్నీ ఆ వరుసలోనే పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి, కాబట్టి మీకు కావాల్సిన చోట మొదలుపెట్టండి.

## దిగే ముందు

ఒక సమూహం గురించి ఏం మాట్లాడినా మూస ముద్ర అవుతుందా?

కాదు. "ఫలానా దేశంలో ఫలానా భాష మాట్లాడేవాళ్లు ఎక్కువ" అన్నది సమాచారం. నిజమో కాదో సరిచూసుకోవచ్చు. "ఆ భాష వాళ్లను నమ్మకూడదు" అన్నది ముద్ర. ఎదురుగా ఉన్న మనిషి ఇంకా నోరు విప్పకముందే అతని గుణం మీద తీర్పు ఇచ్చేస్తుంది.

రెండింటినీ విడదీయడానికి నేను చూసేది ఒకటే. దానికి పొసగని మనిషి ఒకరు తారసపడినప్పుడు మాట అన్నవారు ఏం చేస్తున్నారు? సమాచారమే అయితే సవరించుకుంటారు. ముద్ర అయితే "నువ్వు వేరులే, మీవాళ్ల టైపు కాదు" అంటారు. మనిషిని పక్కకు తీసేసి ముద్రను మాత్రం భద్రంగా దాచుకుంటారు. మెచ్చుకోలులా వినిపించే ఆ మాట పడ్డవాళ్లను ఎంత కుంగదీస్తుందో అన్నవాళ్లకు చాలాసార్లు తెలియదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. అన్ని ముద్రలూ ఊరికే పుడతాయా?

ఊరికే కూడా పుడతాయి. 1976లో డేవిడ్ హామిల్టన్, రాబర్ట్ గిఫర్డ్ అనే మనస్తత్వ పరిశోధకులు కొందరికి రెండు ఊహాజనిత సమూహాల గురించి 39 వాక్యాలు చదివించారు. పెద్ద సమూహం గురించి 26, చిన్న సమూహం గురించి 13. పెద్ద దాంట్లో 18 మంచి పనులు, 8 చెడ్డ పనులు. చిన్న దాంట్లో 9 మంచివి, 4 చెడ్డవి. నిష్పత్తి అచ్చంగా ఒకటే. అయినా చదివినవాళ్లు చిన్న సమూహం చేసిన చెడ్డ పనులను ఉన్నవాటికంటే ఎక్కువగా లెక్కగట్టారు. అరుదుగా కనిపించే మనుషులు అరుదుగా జరిగే చెడ్డ పని చేస్తే, ఆ జంట మనసులో గట్టిగా నాటుకుంటుంది. అక్కడ నిప్పు లేదు, జ్ఞాపకం పనిచేసే తీరే పొగను పుట్టించింది.

కొన్నిసార్లు రెండు సమూహాల సగటుల మధ్య నిజంగానే తేడా ఉంటుంది. దాన్ని కాదనడం నిజాయితీ కాదు. అయితే ఆ తేడా ఎందుకు వచ్చిందో సగటు చెప్పదు. మీతో మాట్లాడుతున్న ఒక్క మనిషి ఎలాంటివాడో అసలే చెప్పదు.

జాతి అనేది శాస్త్రపరంగా లేదంటారు. కళ్లకు కనిపిస్తున్నదాన్ని లేదంటే ఎలా?

కనిపించే తేడాలను ఎవరూ లేవనడం లేదు. ఒంటి రంగు ఉంది, దానికి కారణమూ తెలుసు. పూర్వీకులు వేల ఏళ్లు బతికిన చోట సూర్యుడి అతినీలలోహిత కిరణాలు ఎంత బలంగా పడేవన్నదాన్ని బట్టి రంగు మారుతూ వచ్చింది. ఒకరి పూర్వీకులు ఏ ప్రాంతంవాళ్లో జన్యువుల్లో కొంత చూడొచ్చు కూడా. శాస్త్రం కాదనేది ఆ తర్వాతి అడుగును. మనుషులు గీత గీసినట్టు నాలుగైదు పెట్టెల్లో సర్దుకుంటారనీ, ఒక్కో పెట్టెకూ ఒక్కో స్వభావం, ఒక్కో తెలివి ఉంటాయనీ చెప్పే అడుగు అది.

ఆ అడుగు ఎక్కడ పడిందో కూడా తెలుసు. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ మనుషులను ఖండాల వారీగా నాలుగు రకాలుగా విడగొట్టి, రంగుతో పాటు గుణాన్నీ అంటగట్టాడు. యూరప్‌వాళ్లు చట్టంతో నడుస్తారనీ, ఆఫ్రికావాళ్లు తోచినట్టు నడుచుకుంటారనీ రాశాడు. కొలిచి చెప్పిన మాటలు కావవి. తర్వాత నిజంగా కొలిచినప్పుడు లెక్క వేరేలా వచ్చింది. 1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ చూస్తే, మానవ జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒకే జనసమూహంలోని వ్యక్తుల మధ్యే ఉంది. జాతులుగా పిలిచేవాటి మధ్య మిగిలింది చాలా తక్కువ.

సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బును చాలామంది "నల్లజాతివాళ్ల జబ్బు" అంటారు. ఆ జన్యువు ఒకటి ఉంటే మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న చాలా చోట్ల అది నిలిచింది: ఆఫ్రికాలో, గ్రీసులో, అరేబియాలో, భారతదేశంలో. అది వెంబడించింది దోమను, రంగును కాదు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. "జాతే లేదు కాబట్టి జాతి వివక్షా లేదు" అని ఎవరైనా లంకె పెడితే ఒప్పుకోవద్దు. పెట్టెలు కల్పితమే అయినా, వాటిని నమ్మి ఉద్యోగం ఇవ్వకపోవడం, ఇల్లు అద్దెకివ్వకపోవడం నిజంగా జరుగుతాయి.

ఎదుటివాడు ఎలాగూ మారడు. వాదించి లాభమేంటి?

ఆ ఒక్కడి కోసమే అయితే చాలాసార్లు లాభం లేదు. అయితే మీ జవాబు చదివేది అతనొక్కడే కాదు. ఏ పక్షమూ ఎంచుకోని వాళ్లు మౌనంగా చదువుతుంటారు. ఆ మాట ఎవరి గురించి అన్నారో వాళ్లూ చదువుతుంటారు. ఎవరూ కాదనకపోతే ఇక్కడ అందరి అభిప్రాయమూ ఇదేనని వాళ్లు అనుకుంటారు. నా మట్టుకు నేను జవాబు రాయడానికి ఆ రెండో కారణం ఒక్కటే చాలు.

ఇక మనుషులు మారడం విషయానికొస్తే, మారతారు. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే రాజకీయ శాస్త్ర పరిశోధకులు అమెరికాలోని మయామీలో చేసి 2016లో ప్రచురించిన ప్రయోగంలో కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి సుమారు 10 నిమిషాలు మాట్లాడారు. ఉపన్యాసం ఇవ్వలేదు. "వేరుగా ఉన్నందుకు మిమ్మల్ని ఎవరైనా ఎప్పుడైనా చిన్నచూపు చూశారా?" అన్న తరహాలో అడిగి, చెప్పింది విన్నారు. ద్వేషం తగ్గింది, ఆ మార్పు కనీసం 3 నెలలు నిలిచింది. వాదనకంటే ప్రశ్న లోతుకు వెళ్లింది.

కంటబడిన ప్రతిదానికీ జవాబివ్వాలా?

అక్కర్లేదు. ఒంట్లో ఓపిక లేని రోజు, కోపంతో వేళ్లు వణుకుతున్న రోజు వదిలేయండి. రెచ్చగొట్టడమే పనిగా పెట్టుకున్నవాళ్లకు మీ జవాబే మేత. వాళ్లకు అసలు ఇవ్వకండి.

## మాట కలిపాక

మొదటి జవాబు ఎలా రాయాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకరు ఇలా రాశారనుకోండి: "ఆ దేశం నుంచి వచ్చినవాళ్లంతా మోసగాళ్లే. నాకు ఇప్పటికే ముగ్గురు తగిలారు."

చాలామందికి ముందుగా వచ్చే జవాబు: "నీలాంటి మూర్ఖుల వల్లే లోకం ఇలా తగలడింది." దీనితో అసలు విషయం చచ్చిపోయింది. ఇక సాయంత్రం దాకా ఎవరు మూర్ఖులన్నదే చర్చ.

ఇంకో జవాబు: "ముగ్గురి చేతిలో మోసపోవడం మామూలు దెబ్బ కాదు. డబ్బు వెనక్కి వచ్చిందా? ఒకటి అడుగుతాను. ఆ ముగ్గురూ మీ సొంత ఊరివాళ్లే అయ్యుంటే, ఊరందరూ మోసగాళ్లని రాసేవారా?"

ఇందులో మూడు పనులు జరిగాయి. అతనికి నిజంగా జరిగిన నష్టాన్ని ఒప్పుకున్నారు. "అంతా" అన్న ఒక్క ముక్కను పట్టుకున్నారు, మిగతాది వదిలేశారు. అతన్ని అతని సొంత తూకంలోనే తూచుకోమన్నారు. అతను ఒప్పుకోకపోవచ్చు. కానీ చదివేవాళ్లకు ఏది కష్టమో, ఏది నిందో విడివిడిగా కనిపించింది. ముగ్గురు చేసిన తప్పుకు లక్షలమందిని ఒకే గాటన కట్టడం ఎక్కడ జరిగిందో ఆ చోటు మీదే వెలుగు పడింది.

"నువ్వు రేసిస్ట్‌వి" అని ముఖం మీదే అనేయొచ్చా?

అనొచ్చు, కానీ చాలావరకు ఆ మాట పని చెడగొడుతుంది. మనిషి మీద ముద్ర వేయగానే అతను తన మాటను వదిలేసి తన గుణాన్ని కాపాడుకోవడంలో పడతాడు. తను చేసిన దానాలు, తన స్నేహితులు, తన పెంపకం అన్నీ సాక్ష్యానికి వస్తాయి. అన్న వాక్యం మాత్రం ఎక్కడికో పోతుంది. "మీరు రాసిన ఈ వాక్యం జాతిని కించపరుస్తోంది, ఇదిగో ఇందువల్ల" అంటే తప్పించుకోవడం కష్టం. పైగా, మనిషిని చూడకుండా ముద్ర వేయకూడదని వాదిస్తూ మనమే ముద్ర వేయడం నాకు నచ్చదు.

ఒకే మనిషి అదే ద్వేషాన్ని పదే పదే, కావాలని వెళ్లగక్కుతుంటే మాత్రం మొహమాటం అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

"అబ్బే, జోక్ చేశాను, అంత సీరియస్ ఎందుకు?" అంటే?

"ఇందులో నవ్వు ఎక్కడుందో వివరించరా?" అని నెమ్మదిగా అడగండి. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. వివరించడం మొదలుపెట్టగానే హాస్యం మొత్తం "ఆ జనం తెలివితక్కువవాళ్లు" అన్న ఊహ మీదే నిలబడిందని చెప్పేవాళ్లకే తెలిసొస్తుంది. కొందరు అక్కడితో ఆగిపోతారు.

"నాకు ఆ జాతి స్నేహితులు బోలెడుమంది" అంటే?

సంతోషమే అనండి. ఆ వాక్యాన్ని ఆ స్నేహితుల ముందు ఇదే మాటల్లో అంటారా అని అడగండి.

మంచిగానే అన్నాను కదా. "మీవాళ్లు లెక్కల్లో దిట్టలు" అంటే కూడా తప్పేనా?

తిట్టంత తప్పు కాదు. అయినా ముద్రే. లెక్కలు రాని పిల్లవాడు తన జాతికే తలవంపులు తెచ్చినట్టు కుమిలిపోతాడు. రాత్రింబవళ్లు కష్టపడి నేర్చుకున్న పిల్ల శ్రమేమో పుట్టుక ఖాతాలో పడిపోతుంది. పైగా మెచ్చుకోలు ముద్ర వెనక చాలాసార్లు ఇంకోటి నక్కి ఉంటుంది: "లెక్కల్లో దిట్టలే, కానీ నాయకత్వానికి పనికిరారు." పరుగుల్లో మేటి అని మెచ్చేవాళ్లే బుర్ర అక్కర్లేని పని కదా అని లోపల అనుకునే సందర్భాలూ ఉన్నాయి. మెచ్చుకోవాలనిపిస్తే మనిషిని మెచ్చుకోండి: "ఈ లెక్క నువ్వు చేసిన తీరు బాగుంది."

నేను జాతి గురించి అనలేదు, దేశం గురించి అన్నాను. అది రేసిజం ఎలా అవుతుంది?

జాతి వివక్ష నిర్మూలన కోసం ఐక్యరాజ్యసమితి 1965లో ఆమోదించిన ఒడంబడిక నిర్వచనంలోనే జాతి, రంగు, వంశం, జాతీయ మూలం, తెగ మూలం అన్నీ ఉన్నాయి. ఒక ప్రభుత్వం చేసిన పనిని విమర్శించడం వేరు. ఆ ప్రభుత్వం కింద బతికే ప్రతి మనిషినీ ఆ పనికి బాధ్యుణ్ని చేయడం వేరు. మీ వాక్యంలో కర్త ఎవరో చూడండి. మంత్రి, సైన్యం, కంపెనీ అయితే అది విమర్శ. "వాళ్లు" అయితే ఇంకోసారి ఆలోచించండి.

గణాంకాలు ముందు పెట్టి "అంకెలు అబద్ధం చెప్తాయా?" అంటే ఏం చేయాలి?

అంకెను చూసి జడుసుకోవద్దు, కొట్టిపారేయనూ వద్దు. అది దేన్ని లెక్కపెట్టిందో అడగండి. అరెస్టుల సంఖ్య నేరాలతో పాటు, పోలీసులు ఎక్కడ ఎక్కువగా తనిఖీ చేశారన్నదాన్ని కూడా లెక్కపెడుతుంది. "ఇంతమంది పట్టుబడ్డారు" అంటే ఎంతమందిలో అని అడగండి. పేదరికం, వయసు, నగరంలో ఉండటం లాంటివి కలిపి చూసినా ఆ తేడా మిగులుతుందా అని అడగండి. ఈ ప్రశ్నలకు జవాబుంటే వినండి. జవాబు లేకుండా అదే అంకెను మళ్లీ మళ్లీ అతికిస్తుంటే అది సాక్ష్యం కాదు, ఆయుధం.

మంచి సాక్ష్యం ఎలా ఉంటుందో తెలిస్తే చెడ్డదాన్ని పట్టడం తేలిక. మరియాన్ బెర్‌ట్రాండ్, సెంధిల్ ములైనాథన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని బోస్టన్, షికాగో నగరాల్లో ఉద్యోగ ప్రకటనలకు సుమారు 5,000 రెజ్యూమెలు పంపారు. చదువు, అనుభవం ఒకే స్థాయిలో ఉన్న రెజ్యూమెలకు పేర్లను మాత్రం లాటరీ పద్ధతిలో వేశారు. కొన్నింటికి ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవాళ్లవిగా తోచే పేర్లు, కొన్నింటికి లకీషా, జమాల్ లాంటి నల్లవాళ్లవిగా తోచే పేర్లు. 2004లో వచ్చిన ఫలితం ప్రకారం మొదటి రకం పేర్లకు ఇంటర్వ్యూ పిలుపులు 50 శాతం ఎక్కువ వచ్చాయి. అర్హతల వల్ల వచ్చిన తేడా అనడానికి ఇక్కడ సందు లేదు, మారింది పేరు ఒక్కటే కాబట్టి.

"నాకు వాక్ స్వాతంత్ర్యం ఉంది" అంటే?

ఉంది. మీకూ ఉంది, అందుకే జవాబిస్తున్నారు. ఖండించడం నోరు నొక్కడం కాదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 19వ అధికరణలో భావప్రకటన హక్కు ఉంది. ఆ వెంటనే 20వ అధికరణలో జాతి ద్వేషంతో వివక్షకు, హింసకు ఉసిగొల్పడాన్ని చట్టం నిషేధించాలని ఉంది. రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉన్నాయి.

గౌరవం రెండు వైపులా ఉండాలంటారు. నా పుట్టుకనే కించపరిచేవాణ్ని కూడా నేను గౌరవించాలా?

నన్ను అన్నింటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, అడగాల్సిన ప్రశ్న కూడా.

గౌరవం పేరుతో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ఒకటి, మనిషిగా పుట్టినందుకే దక్కాల్సిన మర్యాద. మనుషులందరూ గౌరవంలోనూ హక్కుల్లోనూ సమానంగా పుడతారని 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణ చెప్పేది దీని గురించే. ఇది సంపాదించుకోనక్కర్లేదు, పోగొట్టుకోవడమూ ఉండదు. రెండోది, ఒకరి అభిప్రాయానికి ఇచ్చే విలువ. ఇది ఆ అభిప్రాయం నిలబడితేనే దక్కుతుంది. మొదటిది ఇస్తూనే రెండోదాన్ని నిలువునా కాదనొచ్చు. అతని ఒంటిని, ఇంటివాళ్లను, చదువును, భాషలో తప్పులను ఎత్తకుండా, అతని మాటను ముక్కముక్కగా తప్పని చెప్పొచ్చు.

ఒక లోటు మాత్రం ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఈ వాదనల్లో రెండు పక్షాలూ సమానంగా నిలబడి లేవు. ఒకరికి ఇది చర్చా విషయం. ఇంకొకరికి తన తల్లిదండ్రులు పడ్డ అవమానం, రేపు తన పిల్లలు ఎదుర్కోబోయే చూపు. "మనసులు నొప్పించకుండా మాట్లాడుకుందాం" అని పెద్దమనిషి తరహాలో అనేవాళ్లు చాలాసార్లు నొచ్చుకున్నవాళ్ల గొంతు పెద్దదైనప్పుడే ఆ మాట అంటారు, మొదటి నింద పడ్డప్పుడు కాదు. నొచ్చుకున్నవాళ్ల గొంతులో కోపం ఉంటే ముందు ఆ కోపానికి కారణం చూడండి. స్వరాన్ని సరిదిద్దడం ఆ తర్వాత.

## వేలు మీవైపు తిరిగితే

నా మనసులో అలాంటిదేమీ లేదు. అయినా అందరూ నన్నే తప్పుపడుతున్నారు. ఏం చేయాలి?

మీ మనసు మీకు తెలుసు. చదివేవాళ్లకు కనిపించేది అక్షరాలే. 2005లో జస్టిన్ క్రుగర్, నికోలస్ ఎప్లీ తదితర మనస్తత్వ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో ఈమెయిల్ రాసినవాళ్లు తమ మాటలోని వెటకారం చదివేవాళ్లకు ఇట్టే తెలుస్తుందనుకున్నారు. తీరా చూస్తే చదివినవాళ్లు సరిగ్గా పట్టింది సగంకంటే కాస్త ఎక్కువసార్లే. అదే మాటను గొంతుతో చెప్పినప్పుడు బాగానే పట్టారు. మీరు నవ్వుతూ రాసింది నవ్వు లేకుండా చేరి ఉండొచ్చు.

ఇంకో సంగతి. ప్రచారంలో ఉన్న ముద్రలు నమ్మనివాళ్ల మనసులోకి కూడా తమంతట తాము వస్తాయని మనస్తత్వ పరిశోధకురాలు పట్రీషియా డివైన్ 1989లో చూపించారు. అలా రావడం వల్లే మీరు చెడ్డవాళ్లు అయిపోరు. వచ్చినదాన్ని పట్టుకుని ఆపుతున్నారా, అలాగే టైపు చేసేస్తున్నారా అన్నదే తేడా. అందుకని "నేను అలాంటివాణ్ని కాను" అని మొదలుపెట్టకండి. "ఏ మాట నొప్పించింది?" అని అడగండి.

క్షమాపణ చెప్పాలంటే ఎలా చెప్పాలి?

పొట్టిగా. "ఆ సమూహం మొత్తాన్ని అన్నాను. అది తప్పు. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను." అంతే. "ఎవరికైనా బాధ కలిగి ఉంటే" అని రాయకండి, కలిగిందని చెప్పాక ఇంకా అనుమానమెందుకు? క్షమించమని వెంటపడకండి. పాత పోస్టును చడీచప్పుడు లేకుండా తీసేయడంకంటే, కింద సవరణ రాసి ఉంచడం మేలు.

మా వాళ్లను కూడా ఇలాగే అంటారు. అప్పుడు ఎవరూ మాట్లాడరేం?

మీ బాధ నిజమే కావచ్చు. దాన్ని విడిగా లేవనెత్తండి, చాలామంది తోడు వస్తారు. మీ వాక్యం మీద చర్చ జరుగుతున్నప్పుడే తెస్తే మాత్రం అది బాధలా కాదు, తప్పించుకునే దారిలా కనిపిస్తుంది.

## మాట పడ్డవాళ్లకు, పక్కన నిలబడేవాళ్లకు

అంటున్నది మా జాతినే. ప్రతిసారీ నేనే ఓపిగ్గా వివరించాలా?

లేదు. మీరు మీ జాతికి ప్రతినిధిగా పుట్టలేదు. "మీవాళ్ల తరఫున చెప్పండి" అని అడగడమే ఒక రకం ముద్ర. ఓపిక ఉన్న రోజు చెప్పండి, లేని రోజు చెప్పకండి. రెండూ సరైనవే.

నేను ఆ జాతికి చెందినవాణ్ని కాను. మధ్యలో మాట్లాడొచ్చా?

మాట్లాడండి. కొన్నిసార్లు మీ మాటే ఎక్కువ పనిచేస్తుంది. 2017లో ప్రచురితమైన, రాజకీయ శాస్త్ర పరిశోధకుడు కెవిన్ మంగర్ చేసిన ప్రయోగంలో, ట్విట్టర్‌లో నల్లజాతివాళ్లను బూతు మాటతో వేధిస్తున్న తెల్లజాతి మగవాళ్లకు, ఇలా తిడితే నిజమైన మనుషులు నొచ్చుకుంటారని గుర్తుచేసే చిన్న సందేశం వెళ్లింది. పంపిన ఖాతాల్లో కొన్ని తెల్లవాళ్లవిగా, కొన్ని నల్లవాళ్లవిగా కనిపించేలా, కొన్నింటికి ఫాలోయర్లు ఎక్కువ, కొన్నింటికి తక్కువ ఉండేలా పెట్టారు. ఫాలోయర్లు ఎక్కువ ఉన్న తెల్లజాతి ఖాతా చెప్పినప్పుడే ఆ బూతు వాడకం గట్టిగా తగ్గింది. సొంతవాళ్లలో పలుకుబడి ఉన్నవాళ్లు కాదంటే చెవికెక్కుతుంది.

వాళ్ల తరఫున కథలు మాత్రం చెప్పకండి. "నాకు ఈ వాక్యం తప్పనిపిస్తోంది" అనండి, "వాళ్లకెలా ఉంటుందో నాకు తెలుసు" అనకండి. ఆ సమూహం నుంచి ఎవరైనా మాట్లాడటం మొదలుపెడితే మీరు పక్కకు జరగండి.

## ముదిరితే, ముగిస్తే

ఎప్పుడు ఆపేయాలి?

మీరు చెప్పిందే మూడోసారి చెప్తున్నప్పుడు. అవతలివాళ్లు మీ ప్రశ్నకు జవాబివ్వకుండా కొత్త నింద తెస్తున్నప్పుడు. గెలవాలన్న పంతం తప్ప ఇంకేమీ మిగలలేదని మీకే అనిపించినప్పుడు. ఆపేముందు ఒక్క వాక్యం రాయండి: "నేను చెప్పాల్సింది చెప్పాను, ఇక్కడితో ఆపుతున్నాను." ఆ తర్వాత నిజంగా ఆపండి.

బెదిరింపులు వస్తే?

అది ఇక వాదన కాదు. జవాబివ్వకండి. తేదీ, సమయం, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి, ఆ తర్వాతే రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. ముందే బ్లాక్ చేస్తే ఆధారాలు దొరక్కపోవచ్చు. చిరునామా, పిల్లలు, ఉద్యోగ స్థలం ప్రస్తావన వస్తే పోలీసులకు ఫిర్యాదు చేయండి. ఇంట్లో ఎవరికైనా ఆ రోజే చెప్పండి.

వాదించింది నా దగ్గరి స్నేహితుడితో. ఇప్పుడు మాటల్లేవు. ఏం చేయను?

అందరూ చూసే చోట మళ్లీ కదపకండి. అక్కడ వెనక్కి తగ్గడం ఎవరికైనా కష్టం. ఫోన్ చేయండి, లేదా ఎదురుగా కలవండి. ఎవరు ఒప్పు అన్నది కాకుండా, ఆ అభిప్రాయం తనకు ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి వినండి. మీకు ఆ మాట ఎందుకు అంతగా తగిలిందో చెప్పండి. ఒకే మాటలో తేలకపోవచ్చు, కొన్ని నెలలు పట్టొచ్చు. ఈలోగా వేరే విషయాలు మాట్లాడుకోవడం మానేయకండి.